సీరియల్ ఎక్కడ పట్టేసిందో చెప్పండి

తణుకులో మా ఇంటి ముందు గదే నా టైలరింగ్ షాపు. కుట్టు మిషన్‌కి ఎదురుగా గోడకి టీవీ ఉంటుంది. సాయంత్రం 6:30 నుంచి 9:30 దాకా అది మోగుతూనే ఉంటుంది. ఆ టైంలో జాకెట్లు తీసుకెళ్లడానికి వచ్చినవాళ్లు ఒక పట్టాన వెళ్లరు. స్టూలు లాక్కుని కూర్చుంటారు. బ్రేక్ వచ్చిందంటే చాలు, మాటలు మొదలు. 22 ఏళ్లుగా ఆ మాటలు వింటున్నాను, నేనూ చెప్తున్నాను. సీరియల్ గురించి నలుగురికీ పనికొచ్చేలా ఎలా మాట్లాడాలో నాకు తెలిసింది రాస్తున్నాను.

"ఛండాలంగా ఉందక్కా", "సూపర్ పిన్నీ" అనే మాటల దగ్గరే చాలామంది ఆగిపోతారు. నా పనిలోనూ అంతే. "జాకెట్ బాలేదు" అని బల్ల మీద పడేసి వెళ్తే నేనేం సరిచేస్తాను? "చంక దగ్గర పట్టేస్తోంది" అంటే అరగంటలో కుట్టు విప్పి వదులు చేసి ఇస్తాను. సీరియల్ గురించి చెప్పినా అలాగే చెప్పాలి. ఎక్కడ పట్టేసింది, ఎక్కడ జారింది, ఎక్కడ చక్కగా కుదిరింది.

దానికి ముందు గుర్తుండాలి కదా. రోజూ నాలుగైదు సీరియళ్లు చూస్తాం. వారం తిరిగేసరికి ఏ అత్త ఏ కోడల్ని ఏమందో కలగాపులగం అయిపోతుంది. అందుకే కొలతల పుస్తకం వెనక పేజీల్లో రోజుకి రెండు లైన్లు రాసుకుంటాను. తేదీ, సీరియల్ పేరు, నన్ను కదిలించిన సీను ఒకటి, చిరాకు పెట్టింది ఒకటి. ఏదీ లేకపోతే ఆ రోజు ఖాళీ. నెలలో పది ఖాళీలు వచ్చాయంటే అదే ఒక అభిప్రాయం.

ఒక పేజీ చెప్తాను. ఆ సీరియల్లో ఇల్లు తాకట్టులో ఉంది. పాలవాడికి ఇవ్వడానికి కూడా డబ్బుల్లేక కోడలు మెడలో గొలుసు తీసి అత్త చేతిలో పెట్టింది. ఆ అమ్మాయి ఎంత బాగా చేసిందంటే, కళ్లల్లో నీళ్లు నిండాయిగానీ కిందకి జారనివ్వలేదు. గొలుసు ఇచ్చాక చెయ్యి ఒక్క క్షణం మెడ దగ్గరే ఉండిపోయింది. నేను మిషన్ ఆపేశాను. కానీ ఆవిడ వేసుకున్న జాకెట్ చూస్తే చేతులకి మోచేతుల దాకా మగ్గం వర్క్. జర్దోసీ, కుందన్లు, అంచుకి పూసలు. అలాంటిది చేయించాలంటే నా దగ్గరే నాలుగు వేలు తక్కువ కాదు. పుస్తకంలో ఇలా రాసుకున్నాను: "గొలుసు సీను: నటన చాలా బాగుంది. జాకెట్ వల్ల పేదరికం నమ్మబుద్ధి కాలేదు." మర్నాడు షాపులో ఇదే చెప్తే, బ్యాంకులో పనిచేసే ఒకావిడ "తాకట్టు కాగితం ఒక్క రోజులో అవ్వదు కదండీ, అది కూడా తేడాగానే ఉంది" అంది. ఎవరి పని తెలిసిన కన్నుతో వాళ్లు చూస్తే మాట అలా బలపడుతుంది. మీకు ఆస్పత్రి తెలిస్తే ఆస్పత్రి సీన్ల గురించి చెప్పండి. వంట తెలిస్తే పొయ్యి దగ్గర సీను గురించి చెప్పండి.

తర్వాత చూడాల్సింది, తప్పు ఎవరిదీ అన్నది. కథ, స్క్రీన్‌ప్లే, మాటలు, దర్శకత్వం వేరువేరు మనుషులు చేస్తారు. మన సీరియళ్లలో చాలామంది హీరోయిన్లు కన్నడ, మలయాళం వాళ్లు. తెర మీద మొహం ఒకరిది, గొంతు ఇంకొకరిది కావచ్చు. "ఏడుపు భలే ఏడ్చింది" అన్నప్పుడు అందులో సగం మెప్పు డబ్బింగ్ చెప్పిన అమ్మాయిది. టైటిల్స్‌లో ఆ పేర్లు గబగబా వెళ్లిపోతాయి, ఒక్కసారైనా ఆగి చదవండి.

ఇక విలన్ పాత్ర వేసినవాళ్లని తిట్టడం మాత్రం దయచేసి మానేయండి. 'కార్తీక దీపం'లో మోనితగా శోభా శెట్టి వచ్చిన ప్రతిసారీ మా షాపులో శాపనార్థాలే. ఒక పిల్ల ఆవిడ ఫొటో కింద బూతు మాట టైప్ చేయబోతుంటే నేను ఫోన్ లాక్కున్నాను. మనకి అంత కోపం వచ్చిందంటే ఆవిడ పని ఆవిడ గట్టిగా చేసినట్టు. "మోనిత ఇలా చేయడం నాకు నచ్చలేదు" అని పాత్ర పేరుతో రాస్తే సరిపోతుంది.

ఆ సీరియల్ గురించే నేను విన్న మాటల్లోకెల్లా గొప్ప మాట ఒక ఇంటర్ చదివే అమ్మాయి చెప్పింది. అందులో హీరోయిన్ దీప కథంతా ఒంటి రంగు చుట్టూనే తిరుగుతుంది. ఆ పాత్రలో ప్రేమి విశ్వనాథ్ అందరికీ నచ్చింది, వంటలక్కగా ఇంట్లో మనిషైపోయింది. ఆ అమ్మాయి మాత్రం మెల్లగా, "ఆవిడకి మేకప్‌తో రంగు వేశారు కదా ఆంటీ, నాలాంటి రంగున్న అమ్మాయినే ఎందుకు తీసుకోలేదు?" అంది. షాపులో ఎవరం మాట్లాడలేదు. తనకి సీరియల్ ఇష్టమే, రోజూ చూసేది. ఇష్టపడుతూనే అడిగింది. మాట ఎలా ఉండాలి అంటే నాకు ఆ అమ్మాయే గుర్తొస్తుంది.

సాగదీత గురించి అందరూ అంటారు కాబట్టి దానికి నేను పెట్టుకున్న కొలత చెప్తాను. మూడు రోజులు చూడకుండా నాలుగో రోజు కూర్చోండి. జరిగింది పక్కవాళ్లు ఒక్క వాక్యంలో చెప్పేస్తే అది సాగదీత. అదే మూడు రోజుల్లో మనిషి మనసు ఎలా మారిందో చెప్పడానికి వాళ్లకి పది నిమిషాలు పట్టిందంటే కథ నెమ్మదిగా నడుస్తోందంతే, దాన్ని తప్పు పట్టకండి. అరగంటలో యాడ్లు పోను 20, 22 నిమిషాలు, వారానికి ఐదారు రోజులు నింపాలి. ఈటీవీ 'అభిషేకం' 2008లో మొదలై 2022 దాకా వచ్చింది. అన్నేళ్లు నడిచే కథని రెండు గంటల సినిమాతో పోల్చకూడదు.

కథ ముందే చెప్పేయడం గురించి నేను దెబ్బతిని నేర్చుకున్నాను. మా చెల్లెలు కువైట్‌లో ఒక ఇంట్లో వంట చేస్తుంది. మనకి రాత్రి 8 అయితే వాళ్లకి సాయంత్రం 5:30, పనిలో ఉంటుంది. సెలవు శుక్రవారం ఒక్కటే. ఆ రోజే వారం ఎపిసోడ్లన్నీ ఫోన్‌లో వరసగా చూసుకుంటుంది. 2023 జనవరిలో 'కార్తీక దీపం' అయిపోయిన రాత్రే నేను ఉత్సాహం ఆపుకోలేక చివర ఏమైందో మొత్తం వాయిస్ మెసేజ్ పెట్టేశాను. "ఐదేళ్లు చూశానే, చివరిది నన్ను చూడనివ్వాల్సింది" అంది. ఆ గొంతు నేను మర్చిపోలేదు. అప్పట్నుంచి మెసేజ్ మొదట్లోనే "ఇది మంగళవారం ఎపిసోడ్ గురించి, చూశాకే విను" అంటాను. యాప్‌లో డబ్బు కట్టి టీవీ కంటే ముందు చూసేవాళ్లయితే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మీరు పొద్దున చూసిన మలుపు కోసం ఇంకొకరు రాత్రి వంట త్వరగా ముగించుకుని కూర్చుంటారు.

రాబోయే సీరియల్ మీద మాట్లాడేటప్పుడు తొందర వద్దు. ప్రోమోలో ఉన్న సీన్లన్నీ కథలో రావాలని లేదు. ముందు అది సొంత కథా, రీమేకా కనుక్కోండి. 'కార్తీక దీపం' మలయాళం 'కరుత్తముత్తు' నుంచి వచ్చింది. 'ఇంటింటి గృహలక్ష్మి'కి బెంగాలీ 'శ్రీమోయీ', 'బ్రహ్మముడి'కి బెంగాలీ 'గాట్‌ఛొరా' మూలం. మూలం తెలిస్తే కథ ఏ దారిన వెళ్లొచ్చో ఒక అంచనా వస్తుంది, మనవాళ్లు ఏం మార్చారో గమనించొచ్చు. అంతేగానీ మూలంలో ముగింపు చదివొచ్చి అందరి ముందూ చెప్పకండి. కొత్తదానికి నేను రెండు వారాలు ఇస్తాను. మొదటి వారం పెళ్లిళ్లు, గొడవలు, పరిచయాలతోనే పోతుంది. ఇంట్లో మనుషులు ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకుంటారో రెండో వారానికిగానీ తెలియదు.

"దీన్ని ఎవరూ చూడట్లేదు" అనే మాట కూడా మనం అనేది కాదు. ఏ సీరియల్‌ని ఎంతమంది చూశారో చెప్పే టీఆర్పీ లెక్క బార్క్ అనే సంస్థ కడుతుంది. దేశం మొత్తం మీద 50,000కు పైగా ఇళ్లలో మీటర్లు పెట్టి, ఆ ఇళ్లలో ఏం చూశారో దాన్ని బట్టి అంచనా వేస్తుంది. అంకెలు గురువారం వస్తాయి. మన వీధిలో అందరం మానేసినా ఆ లెక్కలో తేడా కనపడకపోవచ్చు.

నచ్చకపోవడం వేరు, నిజంగా అభ్యంతరం ఉండటం వేరు. అభ్యంతరం ఉంటే షాపులో అరుచుకోవడంతో ఆగకండి, రాయండి. 2021లో వచ్చిన కేబుల్ టీవీ నిబంధనల ప్రకారం ఫిర్యాదు ముందు ఛానల్‌కే పంపాలి. అందిందని 24 గంటల్లో చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి. జవాబు నచ్చకపోతే మరో 15 రోజుల్లోపు పై సంఘానికి వెళ్లొచ్చు. సీరియళ్ల లాంటి కార్యక్రమాలకి ఆ పై సంఘం బీసీసీసీ అనే మండలి.

నేను ఒకసారి పంపాను. ఒక సీరియల్లో కడుపుతో ఉన్న భార్యని మొగుడు కొడితే దానికి హీరో వచ్చినప్పుడు వేసే మ్యూజిక్ వేశారు. కొట్టడం కథలో ఉండొచ్చు, ఆ మ్యూజిక్ ఎందుకు? తేదీ, టైం, ఎపిసోడ్‌లో ఎన్నో నిమిషం, ఎవరు ఎవర్ని కొట్టారు, ఏ మ్యూజిక్ వినిపించింది అన్నీ రాశాను. తిట్టు ఒక్కటీ లేదు, మొత్తం రెండు పేరాలు. మా అబ్బాయి మెయిల్ చేసిపెట్టాడు. మర్నాడు అందిందని వచ్చింది, పదమూడో రోజున జవాబు వచ్చింది. సీను మళ్లీ చూశామనీ, మీరు చెప్పిన విషయం ఆ టీమ్‌కి తెలియజేశామనీ మూడు లైన్లు రాశారు. నేను రాసింది, వాళ్లు రాసింది రెండూ ప్రింట్ తీయించి, కత్తెరలు పెట్టుకునే సొరుగులో దాచాను. ఎవరైనా "రాస్తే ఎవరు చదువుతారక్కా" అంటే ఆ కాగితాలే తీసి చేతిలో పెడుతున్నాను.