వరద గాలింపు బృందానికి సామాను ఎలా సమకూర్చుకోవాలి?

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీలను ముంచేసింది. ఎన్డీఆర్ఎఫ్ పడవలు వచ్చాయి, హెలికాప్టర్లు తిరిగాయి, డ్రోన్లతో అన్నం పొట్లాలు జారవిడిచారు. అవేవీ అందని లోపలి సందుల్లో ఇరుగుపొరుగు కుర్రాళ్లే లారీ ట్యూబులు, థర్మకోల్ అట్టలు పట్టుకుని పీకల్లోతు నీళ్లలోకి దిగారు. ముసలివాళ్లను, చంటిపిల్లలను మోసుకొచ్చారు. ఆ ధైర్యానికి దండం పెట్టాలి. కానీ ఈసారి వాళ్లు ఉత్త చేతులతో దిగకూడదు.

అందుకే ఈ వివరాలు. వీధికో అపార్ట్‌మెంటుకో పది పన్నెండు మంది కలిసి ఒక బృందంగా ఏర్పడదామనుకుంటే ఏ సామాను ముందు కొనాలి, దేన్ని తర్వాత చూసుకోవచ్చు, దేని జోలికి పోకూడదు అన్నది చూద్దాం. నేను గట్టిగా పట్టుబట్టేది ఒక్కటే: మనిషిని నీళ్లలోకి దించే సామాను కన్నా, గట్టు మీద నుంచే పని జరిపించే సామాను ముందు కొనండి. చందాల డబ్బు చేతికి రాగానే అందరి చూపూ పడవ మీదకే పోతుంది. అది ఆఖరున రావాలి.

1. ముందు మీ నీళ్లు ఎలాంటివో చూసుకోండి

నిలబడిన నీళ్లు వేరు, పారే నీళ్లు వేరు. కాలనీలో నిలిచిన నీళ్లలో ప్రమాదమంతా కంటికి కనపడని వాటితోనే: మూత లేని మ్యాన్‌హోల్, సైడు కాలువ, తెగిన కరెంటు తీగ, గోడ మీద పాతిన గాజు పెంకు. ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ గట్ల మీద, కొల్లిపర, కొల్లూరు వైపు లంకల్లో నీటి వడే అసలు శత్రువు. వడిగా పారే నీరు ఆరు అంగుళాలుంటే చాలు, పెద్దవాళ్లనైనా పడగొడుతుంది. అడుగు లోతుంటే చిన్న కార్లు కదిలిపోతాయి. రెండడుగులైతే చాలా బండ్లు కొట్టుకుపోతాయి.

బృందంలో అందరూ కలిసి ఎండాకాలంలోనే వీధులు తిరిగి, మ్యాన్‌హోళ్లు, కాలువ మలుపులు, ట్రాన్స్‌ఫార్మర్లు, మంచాన పడ్డ రోగులున్న ఇళ్లు ఒక కాగితం మీద గుర్తు పెట్టుకోండి. దాన్ని లామినేషన్ చేయించండి. ఖర్చు ఇరవై ముప్ఫై రూపాయలకు మించదు గానీ, వరదలో దీనికి సాటి వచ్చే సామాను ఇంకోటి లేదు.

2. ఒంటి మీద ఉండాల్సినవి

లైఫ్ జాకెట్ లేని మనిషి గట్టు దాటి అడుగు పెట్టకూడదు. ఈత బాగా వచ్చినవాళ్లకు ఈ మాట రెండుసార్లు చెప్పాలి.

జాకెట్ మీద తేలే శక్తిని న్యూటన్లలో రాస్తారు. పది న్యూటన్లంటే సుమారు కిలో బరువును పైకి ఎత్తే శక్తి. 50 న్యూటన్లది ఈత వచ్చినవాళ్లకు ఊతం మాత్రమే. 100, ఆపైన ఉన్నవి చూడండి. ఏ అంకే లేకుండా, పలచటి ఫోమ్‌తో ఎర్రగా మెరిసే జాకెట్లు తక్కువ ధరకు వస్తాయి. వాటి జోలికి వెళ్లకండి. ఇండియన్ రిజిస్టర్ ఆఫ్ షిప్పింగ్ ఆమోద ముద్ర ఉంటే మంచిది.

సైజు చూసే పద్ధతి సులువే. జాకెట్ తొడిగి బకిల్స్ అన్నీ బిగించాక, వెనక నుంచి ఇంకొకరు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగాలి. జాకెట్ చెవుల దాకా లేచి వచ్చిందంటే వదులుగా ఉన్నట్టు. నీళ్లలో అది తల మీదుగా ఊడిపోతుంది. తొడల మధ్య నుంచి వేసే పట్టీ ఉన్నవి ఈ విషయంలో చాలా మేలు. పిల్లల సైజువి కనీసం రెండు మూడు విడిగా ఉంచండి. పెద్దవాళ్ల జాకెట్‌లో చంటిపిల్ల నిలవదు.

కాళ్లకు గమ్‌బూట్లు వేసుకుని లోతు నీళ్లలోకి వెళ్లకండి. నిండాయంటే అడుగు తీసి అడుగు వేయలేరు. లేసు కట్టుకునే, మందపాటి అడుగున్న బూట్లు వాడండి. బురద ఎత్తే రోజుకు గమ్‌బూట్లు దాచుకోండి. తలకు హెల్మెట్ కావాలి గానీ మోటారు సైకిల్‌ది కాదు. అందులో నీళ్లు చేరితే మెడ మీద బరువు పడుతుంది. నీరు కారిపోయేలా రంధ్రాలున్న తేలికపాటిది తీసుకోండి. ప్రతి జాకెట్‌కూ లోపల గింజ లేని ఈల ఒకటి కట్టండి. గింజ తడిసి ఇరుక్కుంటే ఈల పలకదు.

3. తాడు

పారే నీళ్ల పక్కన జాకెట్ తర్వాత ప్రాణం పోసేది ఇదే.

నీటి పనికి పాలీప్రొపిలీన్ తాడు కొనండి. అది నీటి మీద తేలుతుంది. నైలాన్ తాడు బలమైనదే గానీ మునుగుతుంది. మునిగిన తాడు కొట్టుకుపోతున్న మనిషి చేతికి దొరకదు, పైగా ఇంజను పంకాకు చుట్టుకుంటుంది. నార మోకులు పైకి బాగానే కనిపించినా తడి చేరితే లోపల కుళ్లిపోతాయి. వలలు, పడవ సామాను అమ్మే కొట్లలో తేలే తాడు దొరుకుతుంది. ఎనిమిది నుంచి పది మిల్లీమీటర్ల మందం ఉంటే తడి చేతికి పట్టు చిక్కుతుంది. అంతకన్నా సన్నగా ఉంటే అరచేయి కోసుకుపోతుంది.

ఈ తాడుతో విసురు సంచి తయారు చేసుకోవచ్చు. గట్టి గుడ్డ సంచి తీసుకుని, ఇరవై మీటర్ల తాడు ఒక కొసను సంచి అడుగున చిల్లు గుండా తెచ్చి బయట ముడి వేయండి. తేలడానికి లోపల ఒక థర్మకోల్ ముక్క పెట్టండి. ఇక మిగతా తాడును చుట్ట చుట్టకుండా, దొరికినట్టు జానెడు జానెడు కుక్కుతూ పోవాలి. చుట్టి పెడితే విసిరినప్పుడు చిక్కు పడుతుంది. కుక్కి పెట్టిందైతే ఒక్క చిక్కు లేకుండా బయటికి పరుగెత్తుతుంది. రెండో కొస సంచి మూతి దగ్గర చేతి పట్టుకు అందేలా వదిలేయండి.

విసిరేటప్పుడు ముందు మనిషిని పేరుతోనో, "అన్నా, తాడు!" అనో గట్టిగా పిలవాలి. అతను మీ వైపు చూడకపోతే తాడు వృథా. సంచిని అతని మీదకు కాదు, అతన్ని దాటి అవతల పడేలా విసరండి. తాడు భుజాల మీద పడాలి. అతను పట్టుకున్నాక మీరు చతికిలబడి, మడమలు నేలకు తన్నిపెట్టండి. ప్రవాహమే అతన్ని గట్టు వైపు తిప్పుకొస్తుంది. అందుకే విసరకముందే దిగువన గట్టు ఎక్కడ పల్లంగా ఉందో, తూటికాడ, గుర్రపుడెక్క ఎక్కడ లేదో చూసుకోవాలి. తాడును మణికట్టుకు చుట్టుకోకండి.

ఇంకొకటి, ఇది మన దగ్గర చాలా తరచుగా కనిపిస్తుంది. దిగేవాడి నడుముకు తాడు కట్టి, "మేం పట్టుకుంటాంలే" అని గట్టు మీద నలుగురు నిలబడతారు. నిలిచిన నీళ్లలో ఫర్వాలేదేమో గానీ, పారే నీళ్లలో అది ఉరితాడే. తాడు బిగిసిన క్షణంలో ప్రవాహం మనిషిని కిందికి తొక్కేస్తుంది. పైనున్నవాళ్లు లాగేకొద్దీ ఇంకా మునుగుతాడు. ఒక్క లాగుతో ఊడిపోయే బెల్టున్న ప్రత్యేక జాకెట్లు ఉంటాయి. వాటితో శిక్షణ పొందినవాళ్లే ఆ పని చేయాలి.

సాధన కాలువ గట్టున వద్దు. స్కూలు గ్రౌండులో ఒకరిని దూరంగా కూర్చోబెట్టి విసరండి. మొదటిసారి తప్పితే సంచిలో తాడు మళ్లీ కుక్కే తీరిక ఉండదు. చేతికి దొరికినంత చుట్టుకుని రెండోసారి విసరడం కూడా నేర్చుకోవాలి. ముడులు రెండు వస్తే చాలు: బిగుసుకోని ఉచ్చుకు బౌలైన్ అనే ముడి, గట్టి కొసకు ఎనిమిది అంకె ఆకారపు ముడి. కళ్లు మూసుకుని కట్టగలిగే దాకా కట్టండి.

4. గెడ, టెస్టర్

ఏడెనిమిది అడుగుల ఎండిన వెదురు గెడలు నాలుగు తెచ్చుకోండి. ముందు నడిచేవాడు గెడతో నేల తడుముకుంటూ అడుగేయాలి, వెనకవాళ్లు ఆ అడుగులోనే అడుగేయాలి. పాములను పక్కకు తోయడానికి, మునుగుతున్న మనిషికి చాచడానికి కూడా ఇదే గెడ. ఇనుప పైపు మాత్రం వద్దు.

కరెంటు విషయంలో సామాను కన్నా ఫోను ముఖ్యం. సబ్‌స్టేషన్ నుంచి లైన్ ఆపారని లైన్‌మన్ నోట విన్నాకే వీధిలోకి దిగండి. అప్పుడు కూడా ఇన్వర్టర్లున్న ఇళ్ల సంగతి మరవద్దు. వీధి మొత్తం చీకటిగా ఉన్నా ఆ ఇంట్లో బోర్డుల్లో కరెంటు ఉంటుంది. తీగను ముట్టకుండా కరెంటు పసిగట్టే టెస్టరు కొట్లో దొరుకుతుంది. అది బీప్ అంటే నమ్మి ఆగండి. అనకపోయినా అదేమీ భరోసా కాదు.

5. పడవ సంగతి

రబ్బరు పడవ కాలనీలో గేటు చువ్వకో, గాజు పెంకుకో చిరిగిపోతుంది. ఇంజను పెడితే చీరలు, కేబుల్ వైర్లు, చెత్త పంకాకు చుట్టుకుంటాయి. నడపడం రాని చేతుల్లో పడవ ఉంటే, కాపాడాల్సినవాళ్లతో పాటు మిమ్మల్నీ కాపాడాల్సి వస్తుంది. నా మాట వింటే పడవ కొనకండి. కృష్ణ ఒడ్డున చేపలు పట్టేవాళ్లతో ముందే మాట్లాడుకుని, పడవను ఏ ట్రాలీ మీద తేవాలో, ఎక్కడ దించాలో అనుకుని ఉంచండి. వాళ్లకు నీళ్లు తెలుసు, మీకు వీధులు తెలుసు. రెండూ కలిస్తే పని జరుగుతుంది.

లారీ ట్యూబు తప్పదనుకుంటే, గాలి పూర్తిగా బిగించకుండా, చుట్టూ పట్టుకోవడానికి తాడు కట్టి వాడండి. నిలిచిన నీళ్లలో మాత్రమే. దాని మీద పిల్లలను కూర్చోబెట్టాల్సి వస్తే జాకెట్ వేశాకే.

6. వెలుతురు, మాట, రాత

తలకు కట్టే లైట్లు మనిషికొకటి. చేతిలో టార్చి ఉంటే ఒక చేయి పోయినట్టే. ఫోనును గాలి చొరని కవరులో పెట్టి మెడలో వేసుకోండి. వరదలో ఫోను సిగ్నల్ పోతుందనుకుని, ఈల సైగలు ముందే ఖాయం చేసుకోవాలి: ఒకటి అంటే ఆగి ఇటు చూడు, మూడు అంటే ఆపద. వాకీటాకీలు కొనే ముందు లైసెన్సు అక్కర్లేని రకమో కాదో అడిగి తెలుసుకోండి.

రాసుకోవడానికి పెన్సిల్. బాల్‌పెన్ తడి కాగితం మీద రాయదు. చూసిన ఇంటికి నీటి మట్టానికి బాగా పైన రంగు గుడ్డ పీలిక కట్టి, పుస్తకంలో ఇంటి నంబరు, లోపల ఎంతమంది, ఏం కావాలి, ఎన్ని గంటలకు చూశారు రాయండి. 2024లో మెయిన్ రోడ్ల పక్కన పొట్లాలు అందుతుంటే లోపలి వీధులవాళ్లు ఎదురుచూస్తూ ఉండిపోయారు. ఈ పుస్తకం పక్కాగా ఉంటే ఏ వీధి మిగిలిపోయిందో సాయంత్రానికే తెలుస్తుంది.

7. నీళ్లు తీశాక

పారలు, పలుగులు, గమేళాలు, రంపం, గొడ్డలి, మందపాటి తోలు గ్లౌజులు. వీటికి పెద్ద వివరణ అక్కర్లేదు. ఒక్క హెచ్చరిక: కూలిన గోడ కింద మనిషి ఉన్నట్టు అనుమానం వస్తే జేసీబీని దూరంగా ఆపించి, అందరూ నిశ్శబ్దంగా ఉండి పిలిచి వినండి. గోడ ఎత్తాల్సి వస్తే జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా, ఎత్తిన ప్రతి అంగుళానికీ కింద చెక్క దిమ్మె తోయండి.

వరద నీళ్లలో ఎలుకల మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది. కాళ్ల మీద పుండ్లు, కోతలు ఉన్నవాళ్లను నీళ్లలోకి దించకండి. ధనుర్వాతం టీకా ముందే వేయించుకోండి, నివారణ మాత్రల సంగతి డాక్టరును అడగండి.

8. ప్రాణం పోయినవారి కోసం

ఈ మాట రాయడం కష్టమే గానీ రాయాలి. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన తర్వాత పొలాల్లో, కాలువల్లో శవాలను వెతికి తీసింది ఎక్కువగా సామాన్యులే. మృతదేహాల వల్ల అంటురోగాలు ప్రబలుతాయన్న భయంతో హడావిడిగా సామూహిక దహనాలు చేయనక్కర్లేదు. ప్రమాదాల్లో పోయినవారి దేహాల నుంచి ఊరంతటికీ రోగాలు వ్యాపించవని వైద్య నిపుణులు చెబుతారు. చేత్తో ముట్టేవారికి మాత్రం జాగ్రత్తలు కావాలి: రెండు పొరల గ్లౌజులు, బూట్లు, మోచేతుల దాకా కప్పే బట్టలు.

సంచిలో ఉంచాల్సినవి: దేహాన్ని ఉంచే జిప్ సంచులు, తెల్లటి దుప్పట్లు, స్ట్రెచర్, నీళ్లకు చెదరని ట్యాగులు, పెన్సిల్. దేహం ఎక్కడ ఏ స్థితిలో దొరికిందో ఫోటో తీసి, ఒక నంబరు వేసి అదే నంబరు ట్యాగు మీద, సంచి మీద, పుస్తకంలో రాయండి. మెడలో పుస్తెలు, చేతి ఉంగరం, జేబులో కాగితాలు ఏవీ తీయకండి. ఇంటివాళ్లు మనిషిని గుర్తుపట్టేది వాటితోనే. కదిలించే ముందు పోలీసులకు చెప్పండి, పంచనామా వారి పని. ఫోటోలు వాట్సాప్ గ్రూపుల్లోకి ఒక్కటీ పోకూడదు.

లోతు నీళ్లలో వెతకడం వేరే విద్య. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగిన రాయల్ వశిష్ఠ పడవను కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం లంగర్లు, ఇనుప రోపులతో అక్టోబరు 22న బయటికి తీసింది. ఏళ్ల అనుభవమున్నవాళ్లకే అన్ని రోజులు పట్టింది. కాలువలో గాలాల గుత్తి వేసి లాగే పని కూడా పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది ఉన్నప్పుడే చేయండి.

9. సామాను ఎక్కడ, ఎలా ఉంచాలి

మేడ మీద. కింద గదిలో పెడితే వరద మీకన్నా ముందు దాని దగ్గరికి పోతుంది. వాడిన తాడును మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టండి, ఎండకు పాలీప్రొపిలీన్ పెళుసెక్కుతుంది. ఆరాక వేళ్లతో తడుముతూ కొస నుంచి కొస దాకా చూడండి. గట్టిపడిన చోటు, పీచు లేచిన చోటు కనిపిస్తే అక్కడికి కోసేయండి. జాకెట్లను ఒకదాని మీద ఒకటి పేర్చకుండా హ్యాంగర్లకు వేలాడదీయండి, అణిగిన ఫోమ్ తేలదు. లైట్లలో బ్యాటరీలు తీసి విడిగా ఉంచండి. మృగశిర కార్తెకు ముందొకసారి, నవంబరు తుపాన్లకు ముందొకసారి అన్నీ బయట పరిచి చూసుకోండి.

తలుపు లోపలి వైపు పెద్దక్షరాలతో 112, రాష్ట్ర విపత్తు కంట్రోల్ రూమ్ 1070, జిల్లాది 1077, అంబులెన్సు 108 రాసి అంటించండి. పక్కనే లైన్‌మన్, పడవవాళ్ల నంబర్లు. తాళం చెవులు రెండు ఉండాలి, రెండూ ఒకే ఇంట్లో ఉండకూడదు. రెండోది వేరే వీధిలో, మేడ మీద ఇల్లున్నవాళ్ల దగ్గర ఉంచండి.