ఇంగ్లండ్‌లో పెరటి డెక్కింగ్‌కు అనుమతి కావాలో లేదో ఎలా తేల్చుకోవాలి?

ఇంగ్లండ్‌లో ఇల్లు కొన్నాక మొదటి వేసవి రాగానే పెరట్లో అరుగులాంటిది వేసుకోవాలనిపిస్తుంది. చెక్కతో వేస్తే డెక్కింగ్, రాళ్లు పరిస్తే పేషియో. కొన్ని హద్దుల్లో ఉంటే చాలా ఇళ్లకు స్థానిక కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) ఇచ్చే ప్లానింగ్ అనుమతి అక్కర్లేదు. ఈ వెసులుబాటునే పర్మిటెడ్ డెవలప్‌మెంట్ అంటారు.

1. ఆ వెసులుబాటు మీ ఇంటికి ఉందో లేదో ముందు చూడండి. ఫ్లాట్లకు, మెజొనెట్లకు (సొంత గుమ్మం ఉండే, తరచూ రెండంతస్తుల ఫ్లాట్లు) ఉండదు. లిస్టెడ్ బిల్డింగ్ (చారిత్రక విలువ వల్ల చట్టరక్షణ ఉన్న కట్టడం) అయితే పని మొదలుపెట్టే ముందే కౌన్సిల్‌ని అడగాలి. కొత్త ఎస్టేట్లలో ఇళ్లు కట్టడానికి అనుమతి ఇచ్చేటప్పుడే కౌన్సిల్ ఈ హక్కును తీసేసి ఉండొచ్చు. ఆ షరతు అనుమతి పత్రంలో రాసి ఉంటుంది, ఓపికగా చదవండి.

2. ఎత్తు కొలవండి. ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే. డెక్కింగ్ నేల నుంచి 30 సెంటీమీటర్లు దాటకూడదు. పెరడు వాలుగా ఉంటే, డెక్కింగ్‌ను ఆనుకున్న సహజమైన నేలలో అన్నిటికంటే ఎత్తైన చోటు నుంచి కొలవాలి. మట్టి పోసి పెంచిన ఎత్తు లెక్కలోకి రాదు. అందుకే పని మొదలుకాక ముందే టేపు పెట్టి ఫొటోలు తీసుకోండి. ఈ హద్దు నాకు న్యాయంగానే తోస్తుంది. మనం ఎత్తు మీద కూర్చుంటే కంచె ఉన్నా పక్కింటివాళ్ల పెరడంతా కనిపిస్తుంది, వాళ్ల ఏకాంతం పోతుంది.

3. స్థలం లెక్కేయండి. మొదట కట్టిన ఇంటిని మినహాయించి మిగిలిన స్థలంలో, తర్వాత కట్టిన గదులు, షెడ్లు, డెక్కింగ్ అన్నీ కలిపి సగం మించకూడదు. ఇంటి ముఖభాగానికి ముందు డెక్కింగ్ వేయాలంటే అనుమతి కావాలి.

4. పేషియో అయితే ఇంటి వెనక నేలమట్టంగా ఎంత పరిచినా ఇబ్బంది లేదు. నేలను బాగా ఎత్తు చేస్తేనో, మెట్లుమెట్లుగా చదును చేస్తేనో అనుమతి అవసరం పడొచ్చు. ఇంటి ముందు మాత్రం 5 చదరపు మీటర్లు దాటితే నీరు ఇంకే రాళ్లు వాడాలి, లేదా వాన నీరు పచ్చిక మీదికో పూలమడుల్లోకో పోవాలి. 2008 అక్టోబర్ నుంచి ఉన్న నియమమిది. ఇంకో మాట: పేషియో పైమట్టం గోడలోని డ్యాంప్ ప్రూఫ్ కోర్స్‌కు (చెమ్మ పైకెక్కకుండా గోడ అడుగున వేసే పొర) కనీసం 15 సెంటీమీటర్లు కిందే ఉండాలి. లేకపోతే గోడలకు చెమ్మ ఎక్కుతుంది.

5. హద్దు దాటక తప్పదనుకుంటే ప్లానింగ్ అనుమతి కోసం కౌన్సిల్‌కు హౌస్‌హోల్డర్ దరఖాస్తు (ఇంటి యజమానులు పెట్టేది) పెట్టండి. మామూలుగా 8 వారాల్లో తేలుస్తారు. హద్దుల్లోనే ఉన్నా కౌన్సిల్ నుంచి లాఫుల్ డెవలప్‌మెంట్ సర్టిఫికెట్ (పని చట్టబద్ధమేనని చెప్పే పత్రం) తీసుకోవచ్చు. రేపు ఇల్లు అమ్మేటప్పుడు కొనేవారి సొలిసిటర్ (లాయరు) అడిగితే ఆ కాగితం ముందు పెడితే చాలు.