నలుగురినీ ఒకచోట కూర్చోబెట్టడం ఎలా? ఎదుగుదల లోపంతో పుట్టినవారికి వయసు మీద పడినప్పుడు

డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన మా పెద్దమ్మ కొడుక్కి ఇప్పుడు 54 ఏళ్లు. గుంటూరు బ్రాడీపేటలో, ఎనభై దాటిన తల్లితో ఉంటాడు. రెండేళ్ల కిందట ఉన్నట్టుండి గడప దాటడానికి మొరాయించడం మొదలుపెట్టాడు. పగలు వెళ్లే సంరక్షణ కేంద్రంలో అది మొండితనం అన్నారు. పెద్దమ్మ వయసు అంది. ఒక ఆసుపత్రిలో డాక్టరుగారు తల ఎత్తకుండానే ‘వీళ్లకు అంతేనండి’ అన్నారు. అలా ఆరు నెలలు గడిచాయి.

ఒక ఆదివారం అందరి మాటలూ ఒకే కాగితం మీద రాశాను. అన్నయ్య నీళ్లు గ్లాసులో కాకుండా పక్కన పోస్తున్నాడని కేంద్రంలోని ఆయమ్మ చెప్పింది. దిగేటప్పుడు కాలితో నేలను తడుముకుంటున్నాడని ఆటో డ్రైవరు అన్నాడు. టీవీకి ముక్కు ఆనించి కూర్చుంటున్నాడని పెద్దమ్మ గుర్తుచేసుకుంది. మూడూ కలిపి చదివితే డాక్టరు కానివాడికైనా అర్థమవుతుంది. రెండు కళ్లలోనూ శుక్లాలు. నల్లరాతి గడప ఆయనకు గొయ్యిలా కనిపించి ఉంటుంది.

ఆ అనుభవంతో, మీ ఇంట్లోనూ ఇలాంటి పెద్దవారు ఉంటే ఏ పని ఎలా మొదలుపెట్టాలో చెబుతాను.

1. ముందు ఒక నోటుపుస్తకం

ఈ రోజు ఆ మనిషి ఏం చేయగలరో రాయండి. ‘బాగానే ఉన్నాడు’ అని రాస్తే ఎవరికీ పనికిరాదు. ‘చొక్కా బొత్తాలు సొంతంగా పెట్టుకుంటాడు, పై బొత్తం మాత్రం పెట్టుకోలేడు. పాలబూతుకు ఒంటరిగా వెళ్లి వస్తాడు. నొప్పి ఉంటే చెప్పడు, చెవి పట్టుకుని మూల కూర్చుంటాడు’ అని రాయాలి. నడక, మెట్లు దిగడం, అన్నం తినడం ఫోనులో ఒక్కో నిమిషం వీడియో తీసి దాచండి. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారికి ఈ పని 35 ఏళ్లలోపే చేయడం మంచిది. మునుపు ఎలా ఉండేవారో తెలియకపోతే, ఏం మారిందో ఏ డాక్టరూ చెప్పలేరు.

2. చుట్టూ ఎవరెవరున్నారో లెక్కపెట్టండి

డాక్టరు, ఫిజియోథెరపిస్టు, కేంద్రం సిబ్బంది, వార్డు సచివాలయం, ఏఎన్ఎం (వార్డు ఆరోగ్య కార్యకర్త), మందుల షాపు, ఆటో డ్రైవరు. చివరి ఇద్దరినీ అందరూ మరిచిపోతారు. మూర్ఛ మందు ఈ నెల కొనలేదని ముందు గమనించేది షాపు అబ్బాయే. ఒక్కొక్కరి పేరు, ఫోను నంబరు, వారు చూసేదేమిటో రాసుకుని, కుటుంబంలో ఒకరిని సమన్వయకర్తగా పెట్టుకోండి. ఆ బాధ్యత తల్లిమీదే వేయకండి. ఆమెకూ ఎనభై ఏళ్లు.

3. కాగితాలు

ఇది విసుగు పని, త్వరగా ముగించండి. యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు), సదరం ధ్రువపత్రం (వైకల్యం ఎంతో చెప్పే పత్రం), ఆధార్ రెండేసి నకళ్లతో ఒక ఫైలులో పెట్టండి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6000 రూపాయలు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలు అదుపులో లేకపోవడం), మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు ‘నిరామయ’ ఆరోగ్య బీమా ఉంది. ఏడాదికి లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది, వయసు పరిమితి లేదు. తండ్రిగానీ తల్లిగానీ ప్రభుత్వోద్యోగి అయితే, కుటుంబ పింఛను బిడ్డకు వర్తిస్తుందేమో ఆ శాఖలో అడగండి.

4. అరగంట సమావేశం

ఆరు నెలలకు ఒకసారి, కేంద్రంలోనే పెట్టండి. కేంద్రంవారు, ఇంటివారు, వీలైతే ఫిజియోథెరపిస్టు వస్తే చాలు. డాక్టరుగారు రాలేరు. ఆయనకు ముందుగా మూడు ప్రశ్నలు రాసి పంపి, జవాబులు తెచ్చుకోండి. ఆ మనిషిని బయట కూర్చోబెట్టి లోపల ఆయన గురించి మాట్లాడటం మాత్రం వద్దు. మా సమావేశంలో అన్నయ్య పెద్దగా మాట్లాడలేదు. కానీ కొత్త ఆయా పేరు రాగానే తల అడ్డంగా ఊపాడు. ఎందుకో అడిగితే తెలిసింది, ఆమె స్నానానికి మరీ వేడినీళ్లు పోస్తోందట. ఆ ఒక్క మాట కోసమైనా ఆయన గదిలో ఉండాలి.

అడగాల్సినవి మూడే: గత ఆరు నెలల్లో ఏం మారింది? ఎవరు గమనించారు? ఎవరు ఏ తేదీలోగా ఏం చేస్తారు? మూడోదానికి పేరు, తేదీ లేకపోతే అది కాఫీ సమావేశమే.

5. ‘వీళ్లకు అంతే’ అన్న మాటను ఒప్పుకోకండి

డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో 21వ క్రోమోజోము మూడు ప్రతులు ఉంటాయి. మెదడులో అమిలాయిడ్ అనే ప్రొటీన్ పేరుకోవడానికి సంబంధించిన జన్యువు దానిమీదే ఉంది. అందుకే అల్జీమర్స్ (మతిమరుపు జబ్బు) వీరిలో చాలామందికి త్వరగా వస్తుంది, యాభైల్లోనే. ఆ మాట నిజమే. కానీ అలాగే కనిపించేవి ఇంకా ఉన్నాయి: థైరాయిడ్ లోపం, శుక్లాలు, చెవిలో గట్టిపడిన గులిమి, నిద్రలో ఊపిరి ఆగడం, మలబద్ధకం, పంటినొప్పి, దిగులు. ఇవన్నీ వైద్యంతో తగ్గేవే. ముందు వీటిని పరీక్షించమని అడగండి. సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారికి నడిచే శక్తి త్వరగా తగ్గవచ్చు, మింగడం కష్టం కావచ్చు. కొన్ని మూర్ఛ మందులు ఏళ్ల తరబడి వాడితే ఎముకలు బలహీనపడవచ్చు. వాడే మందులన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి. పేర్లు చెప్పడం చాలదు, సీసాలే చూపించాలి.

గుంటూరు, విజయవాడ ప్రభుత్వ సర్వజనాసుపత్రుల్లో ఓపీ రద్దీ తెలిసిందే. ఒక్క పేజీ పరిచయ పత్రం చేతిలో ఉంచండి: పేరు, మందులు, అలర్జీ, నొప్పిని ఎలా చూపిస్తారు, దేనికి భయపడతారు. మా అన్నయ్య పత్రంలో మొదటి వాక్యం ‘సూది ముందే చూపించండి, దాచకండి’.

6. తల్లిదండ్రుల తర్వాత

చాలామంది ఈ మాట ఎత్తరు. ఎత్తాల్సిందే. వృద్ధాశ్రమాలు కొన్ని మేధో వైకల్యం అంటే వెనుకాడతాయి. దివ్యాంగుల కేంద్రాలు కొన్ని వయసు ఎక్కువంటాయి. ఈ రెండింటి మధ్య మనిషి నలిగిపోకుండా ఇప్పుడే రెండు చోట్లవారినీ ఒకరికొకరిని పరిచయం చేయండి. ఆశ్రమంలోని సహాయకురాలు ఒకరోజు కేంద్రానికి వచ్చి, ఆయనకు అన్నం ఎలా కలిపి పెడతారో చూసి వెళితే సగం భయం పోతుంది. చేరే ముందు రెండు రాత్రులు, తర్వాత వారం అలా అలవాటు చేయండి.

పద్దెనిమిది నిండిన తర్వాత తల్లిదండ్రులు చట్టప్రకారం దానంతటదే సంరక్షకులు కారు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం ప్రకారం సంరక్షకుణ్ని నియమించేది కలెక్టరు నేతృత్వంలోని స్థానిక స్థాయి కమిటీ. గుంటూరువారు గుంటూరు జిల్లాలో, విజయవాడవారు ఎన్టీఆర్ జిల్లాలో దరఖాస్తు చేసుకోవాలి.

గడప మీద తెల్లని పట్టీ అంటించాం. కళ్లకు శస్త్రచికిత్స అయ్యాక కూడా అన్నయ్య దాన్ని తీయనివ్వడం లేదు.