కత్తిరి ఎండలకు ముందు: పాత ప్రాసెసర్‌ను ఓవర్‌క్లాక్ చేసేవారికి జాగ్రత్తలు

చెన్నైలో అగ్ని నక్షత్రం, అంటే అతి తీవ్రమైన ఎండల కాలం, మే మొదటి వారంలో మొదలై దాదాపు నెలాఖరు వరకు ఉంటుంది. తమిళుల మాటనే తీసుకుని ఇక్కడి తెలుగువాళ్లం కూడా ఈ ఎండలను కత్తిరి ఎండలంటాం. మధ్యాహ్నానికల్లా సముద్రపు గాలి తిరిగితే ఊరు కాస్త చల్లబడుతుంది. అది ఆలస్యమైన రోజు నలభై డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు. 2003 మే 31న నుంగంబాక్కంలో 45 డిగ్రీలు నమోదయింది. పాత డెస్క్‌టాప్ ప్రాసెసర్‌ను ఓవర్‌క్లాక్ చేసి, అంటే తయారీదారు నిర్ణయించిన వేగంకంటే ఎక్కువ వేగంతో నడిపించి, వాడుతున్నవారు, వేసవి సెలవుల్లో ఆ పని పెట్టుకోవాలనుకుంటున్నవారు ఏప్రిల్‌లోనే చూసుకోవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి. జనవరిలో పరీక్షకు నిలిచిన వేగం మే నెలలోనూ నిలుస్తుందని నమ్మడమే అన్నిటికంటే పెద్ద పొరపాటు.

ఆ పొరపాటు నేనూ చేశాను. నా దగ్గరున్నది 2011 జనవరిలో విడుదలైన ఇంటెల్ కోర్ ఐ5-2500కె (శాండీ బ్రిడ్జ్ తరం). దాని అసలు వేగం 3.3 గిగాహెర్ట్జ్. ఒక సంక్రాంతి సెలవుల్లో దానిని 4.5కు పెంచి, ప్రాసెసర్‌పై పూర్తి భారం పెట్టి పరీక్షించే ప్రైమ్95 ప్రోగ్రాంను మూడు గంటలపాటు నడిపి, ఒక్క తప్పూ రాకపోవడంతో నిశ్చింతగా వదిలేశాను. మే నెలలో అక్క కూతురి ఓణీల ఫంక్షన్ వీడియోను ఎడిట్ చేస్తుండగా రెండర్ (పూర్తి వీడియో ఫైలును తయారుచేసే పని) రెండుసార్లు మధ్యలో ఆగిపోయింది. మూడోసారి చివరిదాకా నడిచింది. అయితే హారతి ఇచ్చే ఘట్టంలో నాలుగైదు ఫ్రేములలో ఆకుపచ్చ గళ్లు పడ్డాయని ఆ ఫైలును అందరికీ పంపించాకగాని తెలియలేదు. ఓవర్‌క్లాక్ వికటించినప్పుడు కంప్యూటర్ ప్రతిసారీ ఆగిపోయి చెప్పదు. లెక్క తప్పుగా చేస్తూనే పనిని ముగించి చూపిస్తుంది. ఫొటోలు, ఆఫీసు లెక్కలు, పిల్లల ప్రాజెక్టులు ఉన్న కంప్యూటర్‌లో భయపడవలసింది ఈ రకం తప్పులకే. అందుకే వేగం జోలికి వెళ్లేముందు ముఖ్యమైన ఫైళ్లన్నిటినీ వేరే హార్డ్ డిస్కులోకి కాపీ చేసి, ఆ డిస్కు కేబుల్ పీకి పక్కన పెట్టండి.

వేడి లెక్క సులభమైనదే. హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడిని లాగి గాలిలోకి వదిలే లోహపు రేకుల దిమ్మ) తన చుట్టూ ఉన్న గాలికంటే ప్రాసెసర్‌ను చల్లగా ఉంచలేదు. పూర్తి భారం మీద గది ఉష్ణోగ్రతకంటే ఇన్ని డిగ్రీలు ఎక్కువ అనే తేడాను మాత్రమే అది నిలపగలదు. జనవరిలో గది 26 డిగ్రీలు, ప్రాసెసర్ 72 డిగ్రీలు ఉన్నాయనుకుంటే తేడా 46. డాబా కింద, ఏసీ లేని గదిలో మే మధ్యాహ్నం 38 డిగ్రీలున్నప్పుడు అదే ప్రాసెసర్ కనీసం 84 డిగ్రీలకు చేరుతుంది. వేడెక్కిన చిప్‌లో లీకేజీ కరెంటు (పనికి ఉపయోగపడకుండా కారిపోయే కరెంటు) పెరుగుతుంది కాబట్టి ఇంకొంచెం ఎక్కువే ఉంటుంది. వోల్టేజీ ప్రభావం దీనికి తోడవుతుంది. ప్రాసెసర్ ఖర్చు చేసే విద్యుత్తు దాని వేగంతో సమంగా పెరుగుతుంది, వోల్టేజీతో మాత్రం వర్గం ప్రకారం పెరుగుతుంది. 3.3 నుంచి 4.2 గిగాహెర్ట్జ్‌కు, 1.20 నుంచి 1.35 వోల్టులకు వెళ్తే వేగం సుమారు ఇరవై ఏడు శాతమే పెరుగుతుంది కాని, వేడి అరవై శాతం పెరుగుతుంది. ఆ తర్వాతి ప్రతి వంద మెగాహెర్ట్జ్‌కూ ఇంకా ఎక్కువ మూల్యం చెల్లించాలి. ఈ తరం ఇంటెల్ చిప్‌లకు వేసవిలో 1.35 వోల్టులు దాటకూడదని నేను నియమం పెట్టుకున్నాను. ఆ వోల్టేజీకి 4.2 వస్తే 4.2తోనే సంతృప్తి పడతాను.

ఎన్ని డిగ్రీల వరకు భరించవచ్చన్నది అన్ని చిప్‌లకూ ఒకటి కాదు. శాండీ బ్రిడ్జ్ తరం డెస్క్‌టాప్ చిప్‌లు 98 డిగ్రీల దగ్గర, 2012లో వచ్చిన ఐవీ బ్రిడ్జ్ 105 దగ్గర తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. ఐవీ బ్రిడ్జ్‌లో పైమూతకూ చిప్‌కూ మధ్య సోల్డర్‌కు (కరిగించి అతికించే లోహానికి) బదులు పేస్ట్ పెట్టడం వల్ల ఓవర్‌క్లాక్ చేస్తే తొందరగా వేడెక్కుతుంది. ఇంటెల్‌కు పోటీ సంస్థ ఏఎండీ చిప్‌ల సంగతి పూర్తిగా వేరు. ఫెనామ్ II ఎక్స్4 955కు సంస్థ పెట్టిన గరిష్ఠ పరిమితి 62 డిగ్రీలు, ఎఫ్‌ఎక్స్-8350కు దాదాపు 61. గదే 38 డిగ్రీలుంటే మిగిలేది ఇరవై నాలుగు డిగ్రీలే. ఇంటెల్ వాడే స్నేహితుడు ఎనభై వచ్చినా ఫర్వాలేదన్నాడని ఈ చిప్‌ల విషయంలో ధైర్యం చేయకండి. ఎండలు తగ్గేవరకు వీటిని అసలు వేగంలోనే నడపమని నా సలహా.

ఇక శుభ్రం చేసే పని. ఏళ్లతరబడి విప్పని కూలర్ ఫ్యాను తీసి చూస్తే, దాని కిందా రేకుల మీదా దుమ్ము బూడిద రంగు దుప్పటిలా ఒకే ముక్కగా అతుక్కుని ఉంటుంది. గోటితో అంచు పట్టుకుని లాగితే మొత్తం పొరగా ఊడి వస్తుంది. ఫ్యాను ఎంత వేగంగా తిరిగినా గాలి ఆ పొరను దాటి లోపలికి వెళ్లదు. బ్లోయర్ వాడేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోండి, లేకపోతే అది అదుపు లేకుండా తిరిగి బేరింగ్ పాడవుతుంది. ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య వేడిని అందించే పాత థర్మల్ పేస్ట్ ఎండిన చెరువు మట్టిలా బీటలు వారి ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పూర్తిగా తుడిచి, మధ్యలో బఠాణీ గింజంత కొత్త పేస్ట్ పెట్టండి. ఏఎండీ పాత బోర్డులలో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. ఎండిన పేస్ట్ గట్టిగా పట్టి ఉన్నప్పుడు కూలర్‌ను ఒక్కసారిగా పైకి లాగితే ప్రాసెసర్ సాకెట్‌లోంచి ఊడి దాంతోపాటే వచ్చేస్తుంది, పిన్నులు వంగిపోతాయి. ముందు పది నిమిషాలు కంప్యూటర్ నడిపి, ఆపి, కరెంటు తీగ పీకి, పేస్ట్ మెత్తగా ఉండగానే కూలర్‌ను అటూ ఇటూ నెమ్మదిగా తిప్పి తీయాలి. ఇంటెల్ స్టాక్ కూలర్‌కున్న నాలుగు ప్లాస్టిక్ పుష్‌పిన్నులు ఏళ్ల వేడికి పెళుసుబారి ఉంటాయి. వాటిని ఎదురెదురు మూలల క్రమంలో నొక్కి, బోర్డు వెనకవైపు నాలుగూ విచ్చుకున్నాయో లేదో టార్చి వేసి చూడండి.

ప్రాసెసర్ మీదే దృష్టి పెట్టేవారు బోర్డు మీద ప్రాసెసర్‌కు తగిన వోల్టేజీ అందించే రెగ్యులేటర్లను మరచిపోతారు. స్టాక్ కూలర్ గాలి కిందికి వీస్తుంది కాబట్టి సాకెట్ చుట్టూ ఉన్న ఈ భాగాలకూ కొంత చల్లదనం అందుతుంది. దానిని తీసి నిలువుగా ఎత్తుగా ఉండే టవర్ కూలర్ పెడితే ప్రాసెసర్ చల్లబడుతుంది కాని గాలి పక్కకు వెళ్లిపోవడం వల్ల రెగ్యులేటర్లు మాడిపోవచ్చు. క్యాబినెట్ వెనక ఫ్యాను, వీలైతే సాకెట్ వైపు చూసే ఒక చిన్న ఫ్యాను తప్పనిసరి. పక్కనే ఉన్న కెపాసిటర్ల (కరెంటును కాసేపు నిలవచేసే చిన్న డబ్బాల్లాంటి భాగాల) పైకప్పు చదునుగా ఉందో ఉబ్బిందో చూడండి. ఒక్కటి ఉబ్బినా ఆ బోర్డు ఓవర్‌క్లాక్‌కు పనికిరాదు. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఆయుష్షు ప్రతి పది డిగ్రీల పెరుగుదలకు సుమారు సగమవుతుంది కాబట్టి పదేళ్లు దాటిన బోర్డుకు ఈ పరీక్ష చాలా అవసరం. కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్‌ పెట్టెకూ ఇదే మాట వర్తిస్తుంది. అయితే దానిని మాత్రం ఎవరూ విప్పకండి, ప్లగ్ తీసేసిన తర్వాత కూడా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీయగలిగినంత ఛార్జి నిలిచి ఉంటుంది. దుమ్ము బయటినుంచే ఊదాలి. అనుమానం ఉంటే కొత్తది కొనాలి.

కొనే మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. చాలామందికి ఓవర్‌క్లాక్‌కంటే అప్‌గ్రేడే మేలు. హెచ్61 చిప్‌సెట్ ఉన్న బోర్డులో మల్టిప్లయర్ (బేస్ క్లాక్ అనే మూల వేగాన్ని ఎన్ని రెట్లు చేయాలో చెప్పే అంకె) పెంచడం కుదరదు, దానికి పీ67, జెడ్68, జెడ్77 వంటి చిప్‌సెట్ ఉండాలి. బేస్ క్లాక్‌ను కదిలిస్తే కార్డులనూ డిస్కులనూ కలిపే పీసీఐ, సాటా కూడా దాంతోపాటే కదిలి హార్డ్ డిస్కులోని సమాచారానికే ముప్పు వస్తుంది. అదే హెచ్61 మీద రెండు కోర్ల ఐ3-2100 తీసి నాలుగు కోర్ల ఐ7-2600 పెడితే ఏ రిస్కూ లేకుండా తేడా కనిపిస్తుంది. విండోస్ 11 మాత్రం ఈ తరం చిప్‌లను అధికారికంగా అంగీకరించదు, విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఈ సంగతి తెలిసి, లినక్స్‌కైనా సిద్ధపడి ఖర్చు పెట్టండి.

మౌంట్ రోడ్డు పక్కనున్న రిచ్చీ స్ట్రీట్‌లో వాడిన చిప్ కొనేటప్పుడు మూత మీది అక్షరాలు అరిగిపోలేదా, వెనకవైపున్న చిన్న భాగాలలో ఏదైనా ఊడిందా చూడండి. వాడిన బోర్డు అయితే సాకెట్ మీద సెల్‌ఫోన్ లైటు ఏటవాలుగా వేసి మెల్లగా తిప్పండి. ఈ తరం ఇంటెల్ సాకెట్‌లో ఉండే 1,155 పిన్నులూ సమంగా ఉంటే వెలుగు వరస వరసగా ఒకే తీరులో కదులుతుంది, వంగిన పిన్ను దగ్గర ఆ వరస తెగి నల్లటి చుక్క కనిపిస్తుంది. అంగడిలోనే ఫొటో తీసి పెట్టుకోండి. “ఇక్కడ వేసి చూపిస్తాం సార్, ఇంటికి తీసుకెళ్లాక మా పూచీ లేదు” అనే మాట ఆ వీధిలో నేను చాలాసార్లు విన్నాను, అది న్యాయమే కూడా.

ఐవీ బ్రిడ్జ్ చిప్‌ను హెచ్61, పీ67 వంటి పాత 6 సిరీస్ బోర్డులో పెట్టాలంటే ముందు పాత చిప్ ఉండగానే బయోస్ (కంప్యూటర్‌ను మొదట లేపే, బోర్డులోనే ఉండే ప్రోగ్రాం) అప్‌డేట్ చేయాలి. రాసే మధ్యలో కరెంటు పోతే బోర్డు మళ్లీ లేవకపోవచ్చు. రాత్రి ఏసీలన్నీ ఒకేసారి నడిచే వేళ వోల్టేజీ జారిపోవడం మా వీధిలో ప్రతి వేసవిలోనూ ఉన్నదే, అందుచేత ఈ పనిని పొద్దున్నే, యూపీఎస్ మీద చేయండి. యూపీఎస్ బ్యాటరీ పాతదైతే ముందురోజు ప్లగ్ తీసి ఐదు నిమిషాలైనా నిలుస్తుందో చూసుకోండి. 600 వీఏ అని రాసి ఉన్న యూపీఎస్ సాధారణంగా ఇచ్చేది 360 వాట్లే, గ్రాఫిక్స్ కార్డుతో కలిపి పూర్తి భారం పెడితే చాలకపోవచ్చు.

బెంచ్‌మార్క్‌ను (వేగాన్ని కొలిచే పరీక్షను) ఏసీ గదిలో ఒక్కసారి నడిపి వచ్చిన అంకెను నమ్మకండి. ఏసీ ఆపి, తలుపు వేసి, మధ్యాహ్నం రెండు, మూడు గంటల మధ్య సినీబెంచ్ అనే బెంచ్‌మార్క్‌ను వెంట వెంటనే అయిదుసార్లు నడిపి, ప్రతి అంకె పక్కనా గది ఉష్ణోగ్రతనూ ప్రాసెసర్ ఉష్ణోగ్రతనూ రాసుకోండి. అయిదో అంకె మొదటిదానికంటే స్పష్టంగా తగ్గితే చిప్ వేడికి వెనక్కి తగ్గుతోందన్నమాట. ఆ తర్వాత ప్రైమ్95. కొత్త వెర్షన్లు ఏవీఎక్స్ అనే భారీ లెక్కల సూచనలు వాడి మామూలు పనులకంటే చాలా ఎక్కువ వేడి పుట్టిస్తాయి కాబట్టి మొదటి పది నిమిషాలు కుర్చీలోంచి లేవకండి. శాండీ బ్రిడ్జ్‌లో 85 దాటగానే ఆపి వోల్టేజీ తగ్గించండి. పరీక్షలు ముగిశాక విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో హార్డ్‌వేర్ తప్పులను నమోదు చేసే వీయా (WHEA) అనే పేరుతో హెచ్చరికలున్నాయేమో చూడండి. పరీక్ష నెగ్గినా అవి కనబడితే ఆ వేగం నిలకడైనది కాదు.

ఇలా తేలిన వేగాన్ని బయోస్‌లో ‘మే’ అనే పేరుతో ఒక ప్రొఫైల్‌గా దాచి, అసలు సెట్టింగులను ఇంకొకదానిలో ఉంచండి. బోర్డు మీద బయోస్ సెట్టింగులను నిలిపి ఉంచే నాణెంలాంటి సీఆర్2032 బ్యాటరీ పాతదైతే ఇప్పుడే మార్చండి. ఇంట్లో మీరు లేనప్పుడు కంప్యూటర్ వాడే నాన్నగారికో తమ్ముడికో డిఫాల్ట్ సెట్టింగులకు ఎలా తిరిగి వెళ్లాలో ఒకసారి దగ్గర కూర్చుని చూపించి, బయోస్ సెట్టింగులను మొదటికి తెచ్చే క్లియర్ సీమాస్ జంపర్ (బోర్డు మీది పిన్నుల చిన్న మూత) ఎక్కడుందో క్యాబినెట్ తలుపు లోపలివైపు చీటీ మీద రాసి అంటించండి.