రబ్బీ నహ్మాన్ కథ పిల్లలకు చెప్పాలంటే ముందు చుట్టరికాలు

విజయనగరంలో పెద్ద చెరువు దగ్గర మా మేడ మీద ఆదివారం సాయంత్రాలు పిల్లల్ని కూర్చోబెట్టి కథలు చెబుతాను. సోషల్ టీచరుగా రిటైరయ్యాక మొదలైన పని. బ్రెస్లోవ్ అనే ఊరి రబ్బీ నహ్మాన్ జీవితం చెప్పాలనుకునేవాళ్ళకు నా పద్ధతి రాస్తున్నాను. రబ్బీ అంటే యూదుల మతగురువు. నహ్మాన్ హసీదీ గురువు; హసీదులు ఆ మతంలో భక్తికీ ఆనందానికీ పెద్దపీట వేసినవాళ్ళు.

మహిమలతో మొదలుపెట్టకండి. బోర్డు మీద వంశవృక్షం గీయండి. నహ్మాన్ 1772లో ఇప్పటి ఉక్రెయిన్‌లోని మెద్జిబిజ్‌లో పుట్టారు. ఆయన పేరు పైన అమ్మ ఫెయిగా, ఆ పైన అమ్మమ్మ అదిల్, ఆవిడ పైన ఆవిడ నాన్న బాల్ షెమ్ తోవ్. హసీదీ మార్గానికి మూలపురుషుడు ఆయనే.

ఇంగ్లీషులో చదివితే బారుఖ్, ఎఫ్రాయిమ్ అనే గురువులిద్దరూ ‘అంకుల్స్’. మొదటిసారి నేనూ అలాగే చెప్పాను. ఒక్కరికీ గుర్తులేదు. మేనమామలు అని దిద్దగానే ఒక పాప, “అయితే అమ్మమ్మగారి ఊళ్ళో పుట్టారా టీచర్?” అంది. అవును, అది ముత్తాతగారి ఊరే.

పేర్ల సంగతి వదలొద్దు. నహ్మాన్ అన్నది వాళ్ళ నాన్నగారి నాన్న పేరు. ఆ తాతగారు అప్పటికే పోయారు. తూర్పు యూరప్ యూదులు బతికున్నవాళ్ళ పేరు పిల్లలకు పెట్టరు. మన ఇళ్ళలో తాత ఎదురుగానే మనవడికి ఆయన పేరు పెట్టుకుంటాం కదా, ఈ తేడా పిల్లలు ఇట్టే పట్టుకుంటారు. నహ్మాన్ కూతుళ్ళలో కూడా ఒక అదిల్ ఉంది.

పదమూడేళ్ళకే సోసియాతో పెళ్ళి, 1798లో పవిత్రభూమికి, అంటే ఇప్పటి ఇజ్రాయెల్ ప్రాంతానికి, ఓడ ప్రయాణం. వీటికి గ్లోబు చూపిస్తే చాలు.

1806 దగ్గర మాత్రం నెమ్మదించండి. ఆ ఏడాదే పసికొడుకు ష్లోమో ఎఫ్రాయిమ్ పోయాడు. ఆ ఏడాదే నహ్మాన్ కథలు చెప్పడం మొదలుపెట్టారు. రెండూ పక్కపక్కన రాసి ఊరుకోండి. దుఃఖం వల్లే కథలు పుట్టాయని తేల్చేయకండి. మరుసటి ఏడాది సోసియా కూడా పోయింది. 1810లో ఉక్రెయిన్‌లోనే ఉమాన్ అనే ఊళ్ళో క్షయతో ఆయన కన్నుమూశారు. ముప్పై ఎనిమిదేళ్ళు.

చివర్లో ఆయన మొదటి కథ చెప్పండి: తప్పిపోయిన రాజకుమార్తె, ఏళ్ళ తరబడి వెతికే మంత్రి. ఆమెను ఎలా విడిపించాడో నహ్మాన్ చెప్పలేదు, విడిపించాడని మాత్రం చెప్పారు. ఎలాగని పిల్లలు ఎంత బతిమాలినా మీరు కల్పించి చెప్పకండి.