వానలు పడేలోపు బండికి లిఫ్ట్ వేయిస్తున్నారా, ఇవి చూసుకోండి

జూన్ దగ్గర పడితే చాలు థార్, జిమ్నీ, పాత జిప్సీ లాంటి జీపులు ఉన్నోళ్లందరికీ ఒకటే ఆలోచన, సస్పెన్షన్ మార్పించి బండిని రెండంగుళాలు పైకి లేపించేస్తే, అదే లిఫ్ట్ వేయించేస్తే ఇంక మారేడుమిల్లి, పాడేరు సైడు ఎక్కడికెళ్లినా కింద తగలదని. తగులుద్ది. ఎందుకంటే సస్పెన్షన్ లిఫ్ట్ లేపేది బాడీనీ ఛాసిస్‌నీ, చక్రాలుండే యాక్సిల్‌ని కాదు. జిమ్నీకి ముందూ వెనకా రెండూ సాలిడ్ యాక్సిల్లే (రెండు చక్రాలకీ కలిపి ఒకే గట్టి ఇరుసు), థార్‌కి వెనకది. వాటి మధ్యలో ఉండే డిఫరెన్షియల్ గుండు (చక్రాలకి ఇంజిన్ శక్తి పంచే గేర్ల డబ్బా) లిఫ్ట్‌కి ముందు నేలకి ఎంత ఎత్తులో ఉందో తర్వాత కూడా అంతే ఉంటది. ట్రాక్టర్లు తిరిగిన మట్టిదారి చూడండి, రెండు పక్కలా చక్రాల గాడి, మధ్యలో గడ్డి మొలిచిన గట్టు, ఆ గట్టుకి గీరుకునేది ఆ గుండే. అది లేవాలంటే పెద్ద టైరే వేయాలి, అందులోనూ టైరు ఎత్తు పెరిగినదాంట్లో సగమే కలిసొస్తది. జిమ్నీకి 195/80 ఆర్15 సైజు టైరు తీసి 215/75 ఆర్15 వేస్తే గుండు లేచేది 5 మిల్లీమీటర్లు, అంతే.

అలాగని లిఫ్ట్ దండగ కాదు, బండి పొట్ట, బంపర్లు రాళ్లకి తగలవు, పెద్ద టైరుకి చోటు దొరుకుద్ది. కానీ బాడీకీ యాక్సిల్‌కీ మధ్య ఉన్న ప్రతీదీ సాగుద్ది, అసలు జాగ్రత్త అక్కడ కావాలి.

మొదట బ్రేక్ పైపులు. షెడ్డులోనే ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టి చక్రాలు పూర్తిగా వేలాడనిచ్చి, స్టీరింగ్ ఈ చివర్నించి ఆ చివరికి తిప్పించి, బ్రేక్ హోజు, ఏబీఎస్ వైరు తీగలాగా బిగుస్తున్నాయేమో మీ కళ్లతో చూడండి. రోడ్డు మీద అంతా బానే ఉంటది, ఏదో గోతిలో ఒక చక్రం కిందకి దిగినప్పుడు తెగుద్ది.

జిమ్నీ లాంటి వాటికి ముందు క్యాస్టర్ (స్టీరింగ్ తిరిగే ఇరుసు వెనక్కి వాలి ఉండే కోణం) తగ్గిపోయి హైవే మీద స్టీరింగ్ తేలిపోతున్నట్టు ఉంటది, దాన్ని సరిచేసే కరెక్షన్ బుష్‌లు కూడా కిట్‌లో ఉన్నాయా అని అడగండి. యాక్సిల్‌ని పక్కకి జరక్కుండా పట్టుకునే ప్యాన్‌హార్డ్ రాడ్ పాతదే ఉంచితే యాక్సిల్ ఒక పక్కకి జరుగుద్ది. థార్‌కి ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్ (ఏ చక్రానికా చక్రం విడిగా కదిలేది) కాబట్టి చక్రాన్ని తిప్పే షాఫ్ట్‌కుండే సీవీ జాయింట్ల వాలు పెరుగుద్ది, వాటి మీది రబ్బరు బూటు చిరిగి గ్రీజు బయటకొచ్చి ఆ చోట్లోకి బురద దూరితే జాయింట్ పోయినట్టే. అందుకే రెండంగుళాలు దాటొద్దంటాను, ఎవరేం చెప్పినా.

చవగ్గా వస్తుందని స్ప్రింగ్ పైన స్పేసర్ (ఎత్తు పెంచే దిమ్మ) పెట్టి షాకబ్జర్ పాతదే వదిలేస్తే చక్రం కిందకి దిగే ట్రావెల్ తగ్గిపోద్ది, అంటే ఆఫ్‌రోడ్‌కి వేయించుకుని ఆఫ్‌రోడ్‌లోనే నష్టపోయినట్టు. ఇంకోటి, రబ్బరు బుష్ బోల్టులు బండి గాల్లో ఉండగా ఫైనల్ టైట్ చేసేస్తుంటారు, నేల మీదకి దించి బరువు పడ్డాకే బిగించాలి, లేకపోతే బుష్ మెలితిరిగి తొందరగా చిరుగుద్ది. తర్వాత అలైన్‌మెంట్, స్టీరింగ్ సెన్సర్ జీరో చేయించడం, హెడ్‌లైట్లు కిందకి దించడం. 500 కిలోమీటర్లు తిరిగాక బోల్టులన్నీ మళ్లీ చెక్ చేయించాలి కాబట్టి వానలకి నెల ముందే పని అవ్వాలి, ట్రిప్‌కి ముందురోజు కాదు.

బండి ఎత్తయ్యాక బరువు కూడా పైకెళ్లిందని మర్చిపోవద్దు, పైన క్యారియర్ మీద సామాను వేసుకుని ఘాట్ మలుపుల్లో పాత స్పీడే కొడితే పల్టీ కొట్టే ఛాన్స్ ఎక్కువ. వికారాబాద్ సైడు నల్లరేగడిలో అయితే క్లియరెన్స్‌తో పనే లేదు, టైరు గాడుల్లో మట్టి నిండిపోయి నున్నగా జారిపోద్ది. వాగుల సంగతి చెప్పక్కర్లేదు, పారే నీళ్లు రెండడుగులుంటే లిఫ్ట్ వేసిన బండినైనా లాక్కెళ్తాయి. చిన్న నీళ్లు దాటినా యాక్సిల్ లోపలికి గాలాడే బ్రీథర్ పైపు పైకి కట్టించుకోండి, వేడి మీదున్న గుండు చల్లటి నీళ్లలో దిగగానే లోపలికి పీల్చుకుంటది, ఆయిల్ పాలరంగులోకి మారితే నీళ్లు చేరినట్టే, వెంటనే మార్చాలి.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలోని వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండి మార్చకూడదు, 182ఏ కింద ఒక్కో మార్పుకి 5 వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా ఉంది. ముందే ఆర్టీవో ఆఫీసులో కనుక్కోండి, ఇన్సూరెన్స్ వాళ్లకి రాతపూర్వకంగా చెప్పండి, చెప్పకపోతే క్లెయిమ్ దగ్గర తిప్పలు పెడతారు. పాత స్ప్రింగులు, షాకబ్జర్లు మాత్రం షెడ్డులో వదిలేయకుండా ఇంటికి తెచ్చుకోండి, బండి అమ్మేటప్పుడు అవే అడుగుతారు.