సరిహద్దు ఊళ్లలో కిరాణా కొట్టుని వృథా లేకుండా నడపడం ఎలా?

పర్యావరణానికి మేలు చేసే కొట్టు అనగానే అందరూ ముందు ప్లాస్టిక్ సంచుల మాట ఎత్తుతారు. సంచి ముఖ్యమే, దాని సంగతికీ వస్తాం. కానీ చిన్న కొట్టులో అన్నిటికన్నా పెద్ద వృథా అమ్ముడుపోకుండా పాడైపోయే సరుకు. పురుగు పట్టిన కందిపప్పు ఒక కిలో పారేశామంటే, దాన్ని పండించిన నీళ్లు, ఎరువు, మిల్లు కరెంటు, లారీ డీజిలు అన్నీ పారేసినట్టే. గల్లాలోంచి డబ్బూ పోయినట్టే. అందుకే ఇక్కడ వరస ఇలా పెట్టుకుందాం: ముందు సరుకు, తర్వాత కరెంటు, ఆ తర్వాత సంచులు.

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం, బరంపురం లాంటి ఆంధ్ర సరిహద్దు వైపు ఒడిశా ఊళ్లలో మన తెలుగువాళ్లు నడిపే కిరాణా కొట్లని మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. సూపర్ మార్కెట్‌కి లేని బలం ఈ కొట్లకి ఉంది. వచ్చేవాళ్లలో చాలామంది తెలిసినవాళ్లే. ఎవరింట్లో ఏ బియ్యం తింటారో, ఎవరు ఏ రోజు సంతకి దిగుతారో కొట్టు యజమానికి తెలుసు. కింద చెప్పే పనుల్లో సగం ఆ పరిచయం మీదే నడుస్తాయి.

మొదటి పని: పాడైనది రాయడం

ఒక చిన్న నోటుపుస్తకం గల్లా పక్కన పెట్టండి. మూడు నెలలపాటు పారేసిన ప్రతి వస్తువూ అందులో రాయండి: తారీఖు, వస్తువు, ఎంత, కొన్న ధర, ఎందుకు పాడైంది. డేటు దాటిందా, పురుగు పట్టిందా, ఎలుక కొట్టిందా, తడిసిందా, కుళ్లిందా? కారణం గడి ఖాళీగా వదలకండి. ఏ మార్పు చేయాలో చెప్పేది అదే.

ఇది ఎందుకంత అవసరమో చిన్న లెక్కలో తెలుస్తుంది. 9 రూపాయలకి కొని 10 రూపాయలకి అమ్మే బిస్కెట్ ప్యాకెట్ ఒకటి డేటు దాటిపోతే, ఆ నష్టం పూడ్చడానికి మరో 9 ప్యాకెట్లు అమ్మాలి. లాభం తక్కువున్న వస్తువు పాడైతే దెబ్బ ఎక్కువ.

రెండో పని: కొనే పద్ధతి, నిల్వ పెట్టే పద్ధతి

నెల తిరిగాక పుస్తకం చూస్తే నాలుగైదు వస్తువులే మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. వాటిని తక్కువగా, తరచుగా కొనండి. పెట్టె తీసుకుంటే డిస్కౌంటు ఇస్తానని హోల్‌సేల్ షాపువాళ్లు అంటారు. ఆ డిస్కౌంటు ఎంతో, కిందటి నెల ఆ సరుకులో పాడైంది ఎంతో పక్కపక్కన వేసి చూసుకుని అప్పుడు ఒప్పుకోండి. డేటు దగ్గరపడిన సరుకు వెనక్కి తీసుకుంటారా లేదా అన్నది కొనేటప్పుడే తేల్చుకోవాలి. తర్వాత అడిగితే ఎవరూ తీసుకోరు.

కొత్త సరుకు వెనక, పాత సరుకు ముందు. అందరికీ తెలిసిన మాటే, హడావుడిలో అందరూ వదిలేసేదీ ఇదే. సరుకు దిగిన రోజున పెట్టె మీద మార్కర్‌తో గడువు డేటు పెద్ద అంకెల్లో రాస్తే, కొట్టులో పనిచేసే కుర్రాడు కూడా తప్పు చేయడు. డేటుకి రెండు మూడు వారాల ముందే ఆ వస్తువుల్ని గల్లా దగ్గర ఒక బుట్టలో పెట్టి ధర తగ్గించండి. డేటు దాటినది మాత్రం ఎంత తక్కువకైనా అమ్మకూడదు. అది చట్టవిరుద్ధం. పైగా అలాంటి సరుకు చివరికి చదవడం రానివాళ్ల ఇంటికే చేరుతుంది. అది అన్యాయం.

నిల్వ విషయంలో మన ప్రాంతానికి రెండు చిక్కులున్నాయి. ఒకటి వానాకాలపు చెమ్మ. కొండల పక్క ఊళ్లలో జూన్ నుంచి గోడలు చెమరుస్తాయి. బస్తాలు నేల మీద కాకుండా చెక్క బల్లల మీద, గోడకి జానెడు ఎడంగా పెట్టాలి. పప్పులు ఎండబెట్టి, మూత బిగుతుగా ఉండే డబ్బాల్లో పోసి, ఎండిన వేపాకు, ఎండుమిరపకాయలు వేయండి. పురుగు కోసం విషపు బిళ్లలు మాత్రం కొట్టులో వాడకండి. అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లకి గాలిలోని తేమ తగిలితే చాలు, ప్రాణం తీసే గ్యాస్ వస్తుంది. మూసిన కొట్టు వెనక గదిలో కుటుంబం పడుకునే ఇళ్లు మన ఊళ్లలో ఎన్నో ఉన్నాయి.

రెండో చిక్కు తుఫాన్లు. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018లో తిత్లీ గజపతి జిల్లాని అతలాకుతలం చేసింది. రెండూ అక్టోబరులోనే. పండగల కోసం కొట్లు నిండా సరుకు దింపే నెల కూడా అదే. ఆ నెలలో ఫ్రీజర్ సరుకు తక్కువగా తెప్పించండి. వంశధార, నాగావళి, మహేంద్రతనయ ఒడ్డు వీధుల్లో ఉంటే బియ్యం, పంచదార, ఉప్పు నడుమెత్తున అరల్లోకి ఎక్కించండి.

మూడో పని: కరెంటు

దక్షిణ ఒడిశాలో కరెంటు బిల్లు టీపీఎస్‌ఓడీఎల్ అనే కరెంటు సరఫరా కంపెనీ నుంచి వస్తుంది. బిల్లులో రూపాయలు కాదు, యూనిట్లు చూడండి. రేటు మారినా యూనిట్లు మీ వాడకాన్ని ఉన్నదున్నట్టు చూపిస్తాయి. కిందటి మూడు నెలల యూనిట్లు ఆ నోటుపుస్తకం చివరి పేజీలో రాసిపెట్టుకోండి.

అన్నిటికన్నా ఎక్కువ తినేది ఫ్రిజ్. దాన్ని గోడకి ఆనించకండి. వెనక జానెడు ఖాళీ ఉండాలి, ఎండ పడకూడదు. వెనకవైపు గొట్టాలకి పట్టిన దుమ్ము నెలకోసారి ప్లగ్గు తీసి బ్రష్‌తో దులపండి. దుమ్ము పడితే వేడి బయటికి పోదు, మోటారు ఆగకుండా తిరుగుతుంది. తలుపు రబ్బరు బాగుందో లేదో తెలియాలంటే ఒక పది రూపాయల నోటు తలుపు మధ్య పెట్టి మూసి లాగండి. నోటు తేలిగ్గా జారి వచ్చేస్తే చల్లదనం కూడా అక్కడి నుంచే పోతోంది, రబ్బరు మార్పించండి. ఫ్రీజర్‌లో మంచు వేలెడు మందం పేరుకునేదాకా ఆగకుండా అంతకుముందే కరిగించాలి. ఖాళీగా ఉన్న అరల్లో నీళ్ల సీసాలు పెడితే కరెంటు పోయినప్పుడు చల్లదనం ఇంకాసేపు నిలుస్తుంది.

తర్వాత ఫ్యాన్. పాత సీలింగ్ ఫ్యాన్ దాదాపు 75 వాట్లు తీసుకుంటుంది. తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల చుట్టుపక్కల. రోజుకి 12 గంటలు తిరిగితే నెలకి 27 యూనిట్ల చోట 11 యూనిట్లతో సరిపోతుంది. ధర ఎక్కువే, కాబట్టి పాతది పాడైనప్పుడు మార్చినా చాలు. బల్బులకి మాత్రం అంతదాకా ఆగక్కర్లేదు: 60 వాట్ల పాత బల్బు వెలుతురుని 9 వాట్ల ఎల్‌ఈడీ ఇస్తుంది. ఇవాళే మార్చేయండి. తీసేసిన ట్యూబ్‌లైట్లు పగలగొట్టకండి, వాటిలో పాదరసం ఉంటుంది.

సోలార్ గురించి చాలామంది అడుగుతున్నారు. 2024లో మొదలైన పీఎం సూర్య ఘర్ అనే కేంద్ర సోలార్ పథకం సబ్సిడీ ఇళ్ల కనెక్షన్లకే. కొట్టుకి విడిగా కమర్షియల్ మీటరు ఉంటే ఆ సబ్సిడీ రాదు. ఈ సంగతి చెప్పకుండా ఎవరైనా అడ్వాన్సు అడిగితే ఇవ్వకండి.

నాలుగో పని: సంచులు, పొట్లాలు

ముందు చట్టం. 2022 డిసెంబరు 31 నుంచి దేశమంతటా 120 మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నా పలచని ప్లాస్టిక్ సంచి ఇవ్వకూడదు. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ కప్పులు, పళ్లేలు, చెంచాలు, స్ట్రాల లాంటివి అమ్మడం నిషేధం. బరంపురంలో అయితే రాష్ట్ర ప్రభుత్వం 2018 అక్టోబరు 2 నుంచే ఆంక్షలు మొదలుపెట్టింది. గుడ్డలా కనిపించే నాన్‌వోవెన్ సంచులు గుడ్డవి కావు, అవీ ప్లాస్టిక్కే. అవి 60 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి 60 గ్రాముల బరువు) కన్నా పలచగా ఉంటే వాటికీ నిషేధం వర్తిస్తుంది.

మరి సరుకు దేనిలో ఇవ్వాలి? నాకు నచ్చిన పద్ధతి డిపాజిట్ సంచి. దర్జీ దగ్గర మిగులు గుడ్డతోనో, ఊళ్లో మిషన్ శక్తి (ఒడిశా ప్రభుత్వ పథకం) మహిళా సంఘంవాళ్లతోనో గట్టి గుడ్డ సంచులు కుట్టించండి. సంచి తీసుకెళ్లినవాళ్ల ఖాతాలో 20 రూపాయలు రాయండి, తిరిగి తెచ్చినప్పుడు కొట్టేయండి. ఖాతా లేనివాళ్ల దగ్గర డబ్బు తీసుకుని వెనక్కి ఇవ్వండి. తెలియనివాళ్లు వచ్చిపోయే పెద్ద షాపులో ఇది నడవడం కష్టం. మొహం చూసి పేరు పెట్టి పిలిచే కొట్టులో నడుస్తుంది. బోర్డు తెలుగులోనూ ఒడియాలోనూ రాసి, పక్కన సంచి బొమ్మ వేయండి. సవర, కోదు గిరిజనుల ఊళ్ల నుంచి వచ్చే పెద్దవాళ్లకి ఆ బొమ్మే చెబుతుంది. ఆ మొదటి నెలంతా నోటితో కూడా చెప్పాలి, విసుక్కోకుండా.

ఇంటి నుంచి డబ్బా తెచ్చుకునేవాళ్లని ప్రోత్సహించండి. ఖాళీ డబ్బా కాటా మీద పెట్టి, టేర్ బటన్ నొక్కి సున్నా చూపించి, ఆ తర్వాతే సరుకు పోయండి. కొనేవాళ్లకి ఆ సున్నా కనిపించాలి. ఎలక్ట్రానిక్ కాటాకి ఏటా తూనికల శాఖ ముద్ర వేయించడం ఎలాగూ తప్పనిసరి.

రెండు జాగ్రత్తలు. విడి వంటనూనె అమ్మకం ఆహార భద్రత నిబంధనల ప్రకారం కుదరదు, కాబట్టి డబ్బా పద్ధతి నూనెకి పెట్టకండి. పాత వార్తాపత్రికల్లో తినే వస్తువులు చుట్టడం కూడా మానేయాలి. అచ్చు సిరాలోని రసాయనాలు తిండిలోకి దిగుతాయని దేశంలో ఆహార భద్రత చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ హెచ్చరించింది. అచ్చు లేని ఖాకీ కాగితంతో పొట్లాలు కట్టండి. బెల్లం, చింతపండులాంటి జిగురు సరుకుకి అడ్డాకు ఉండనే ఉంది.

ఐదో పని: దగ్గరి సరుకు

అడ్డాకు విస్తళ్లు మన కొండల్లోనే కుట్టేవి. పెళ్లికో సమారాధనకో పళ్లేలు కావాలని ఎవరైనా వస్తే ముందు అవే చూపించండి. తిన్నాక పశువుల పాకలోకో ఎరువు గుంతలోకో పోతాయి. థర్మాకోల్ పళ్లెం పదేళ్ల తర్వాత కూడా కాలవలో అలాగే ఉంటుంది.

ఇలాంటివి ఇంకా చాలా ఉన్నాయి. చోళ్లు (రాగులు), సామలు, కొండచీపుళ్లు, చింతపండు, కంధమాల్ పసుపు, కొరాపుట్ కాలాజీరా బియ్యం. పసుపుకి 2019లో, కాలాజీరాకి 2024లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకని చెప్పే ప్రభుత్వ గుర్తింపు) వచ్చింది. కొరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) 2012లోనే ప్రపంచ వారసత్వ వ్యవసాయాల్లో చేర్చింది. 2017లో చిరుధాన్యాల కోసం ఒడిశా మిల్లెట్స్ మిషన్ మొదలయ్యాక చోళ్లకి గిరాకీ పెరిగింది. పట్నంలో షుగరున్న పిల్లాడి కోసం చోళ్ల పిండి పార్సిలు కట్టే తల్లులు మీ కొట్టుకీ వస్తూనే ఉంటారు. ఇంత దగ్గర్లో పండేది వదిలేసి, ఎక్కడి నుంచో లారీలో వచ్చిన ప్యాకెట్ పిండి అరలో నింపడం ఎందుకు?

అయితే సంతలో కొండ మనుషుల దగ్గర కొనేటప్పుడు డబ్బాతో కొలవకండి, కాటా మీద తూచండి. కుప్ప చూసి అంచనా మీద ధర కట్టే అలవాటు వాళ్లని తరతరాలుగా ముంచింది. ధర ముందే చెప్పండి, డబ్బు అక్కడికక్కడే ఇవ్వండి. అడవిని చూసుకునేవాళ్లకి తిండి గడవకపోతే ఆ అడవి నుంచి మన కొట్టుకి అడ్డాకూ రాదు, చీపురూ రాదు. ఈ వ్యాసంలో ఒక్కటే పాటించగలను అనుకుంటే, నన్నడిగితే, ఇదే పాటించండి.

ఆరో పని: చెత్త

అట్టపెట్టెలు తడవకుండా మడిచి కట్ట కడితే పాత సామాన్లవాళ్లు తూకానికి కొంటారు. గోనె సంచులు రైతులకి మళ్లీ పనికొస్తాయి. కుళ్లిన కూరగాయలు పశువులకో ఎరువు గుంతకో పోవాలి. ఒడిశా పట్టణాల్లో మున్సిపాలిటీల తరఫున మహిళా సంఘాలు తడి చెత్తతో 'మొ ఖత' పేరుతో ఎరువు చేసి అమ్ముతున్నాయి. చెత్తబండికి తడి, పొడి వేరు చేసి ఇస్తే వాళ్ల చేతులకి కష్టం తగ్గుతుంది. సాయంత్రం కొట్టు కట్టేసేముందు ప్లాస్టిక్, థర్మాకోల్ పోగేసి తగలబెట్టే అలవాటు మాత్రం ఈరోజే మానాలి. ఆ పొగ ముందు పీల్చేది పక్కింటి పసిపిల్లలే.

షాంపూ, చిప్స్ సాషేలు నిజంగా మొండి సమస్య. పాత సామాన్లవాళ్లు వాటిని ముట్టుకోరు. కొట్టు ముందు ఒక డబ్బా పెట్టి ఖాళీ సాషేలు అందులో వేయించి, నిండాక పొడి చెత్తతో పంపడం మన చేతిలో ఉన్న పని. దానితోపాటు పెద్ద సీసా కొంటే ఎంత కలిసొస్తుందో అడిగినవాళ్లకి లెక్క వేసి చూపించండి. కూలి డబ్బుతో ఆ పూటకి కొనుక్కునేవాళ్లని మాత్రం ఇబ్బంది పెట్టకండి.

ఎప్పుడు ఏది?

మొదటి నెల నోటుపుస్తకం, ఎల్‌ఈడీ బల్బులు, ఫ్రిజ్ శుభ్రం. వీటికి పెద్ద ఖర్చు లేదు. రెండో నెల నుంచి కొనుగోళ్లు మార్చండి, సంచులు కుట్టించండి. చుట్టుపక్కల రెండు మూడు కొట్లవాళ్లతో మాట్లాడుకుని హోల్‌సేల్ సరుకు ఒకే ఆటోలో తెప్పించుకుంటే కిరాయి, డీజిలు రెండూ తగ్గుతాయి. మూడు నెలలయ్యాక నోటుపుస్తకంలో మొదటి నెలని మూడో నెలతో, చివరి పేజీలో రాసుకున్న పాత యూనిట్లని కొత్త బిల్లుతో పోల్చి చూడండి. పాడైన సరుకు తగ్గకపోతే కారణం గడి మళ్లీ చదవండి. యూనిట్లు తగ్గకపోతే మెకానిక్‌ని పిలిచి ఫ్రిజ్ గ్యాస్, థర్మోస్టాట్ చూపించండి.